నాలుగు సుద్ద గీతలు

నేను ఏడో తరగతిలో చదువు మానేశాను. మానేశానని నేనంటాను, తామే మాన్పించామని మా లెక్కల మాస్టారు అనేవారు. ఆ తర్వాత అనకాపల్లిలో ఒక వడ్రంగి షెడ్డుకు ఇరవై ఏళ్ళకు పైగా లెక్కలు చూసింది నేనే కాబట్టి, ఆ వాదన నేను నెగ్గినట్టే. ఒప్పుకోవడానికి ఆయన ఇప్పుడు లేరు, అది వేరే సంగతి.

మోకాళ్ళు సహకరించక షెడ్డుకు వెళ్ళడం మానేశాక, కుర్రాళ్ళే ఇంటికి వస్తున్నారు. ఒకడు మాడ్యులర్ కిచెన్ల షాపు పెడతానంటాడు, ఇంకొకడు సోఫాల వ్యాపారం అంటాడు. ఎవరొచ్చినా అడిగేది ఒకటే: "ముందు పని నేర్చుకోమంటారా, వ్యాపారం నేర్చుకోమంటారా?" నేను రెండూ నేర్చుకున్నవాణ్ణి. రెండూ వచ్చినవాడు మాత్రమే చేయగల తప్పు ఒకటుంది. ఒక్కటే వచ్చినవాడికి అది చేతకాదు. బాబూ, అది చెబుతాను, వినండి. సలహా అనుకున్నా సరే, కాలక్షేపం అనుకున్నా సరే, టీ మాత్రం మీరే తెప్పించాలి.

మా షెడ్డులో ముగ్గురం వాటాదారులం. మొదటివాడు మేస్త్రి. నాకు ఉలి పట్టుకోవడం నేర్పింది ఆయనే. చుట్టరికం ఏమీ లేకపోయినా నేను మావా అనేవాణ్ణి, ఆయన నన్ను ఒరే అనేవాడు. బాగా కోపం వస్తే అల్లుడు గారూ అనేవాడు. రెండోవాడు పాలిష్ పని చేసేవాడు. చుట్టం కాకపోయినా మేం బావా అని పిలుచుకునేవాళ్ళం. మునగపాక దగ్గర ఒక పల్లె అతనిది. ఆదివారం చర్చి తప్పని మనిషి. మిగతా ఆరు రోజులూ దగ్గరికి వెళితే స్పిరిట్ వాసన వచ్చేది గాని, అది పనిలో వాసనే. మూడోవాణ్ణి నేను. పదిహేనేళ్ళు చిత్రిక పట్టాక, నా చేతి కంటే నోరు బాగా పని చేస్తోందని గమనించి ఇద్దరూ కలిసి నన్ను లెక్కల్లోకి మార్చారు. బ్యాంకుకూ, సామిల్లుకూ, బీరువా తీసుకుని ఫోను ఎత్తని పార్టీల ఇళ్ళకూ నేనే వెళ్ళేవాణ్ణి.

లెక్కల్లోకి వచ్చిన కొత్తలో బ్యాంకువాళ్ళు నన్ను విశాఖపట్నంలో ఆరు రోజుల శిక్షణకు పంపారు. ఒక ఫైలూ, ఒక పెన్నూ, రోజూ మధ్యాహ్నం భోజనమూ ఇచ్చారు. వర్కింగ్ క్యాపిటల్, టర్నోవర్, డెడ్ స్టాక్ అనే మాటలు నేర్చుకుని వచ్చాను. వచ్చిన రోజే మేస్త్రికి వివరించాను.

ఆయన అంతా విన్నాడు. "ఆరు రోజులూ అన్నం బాగా ఎట్టేరేటి?" అని అడిగాడు.

"ఎట్టేరు మావా."

"పోన్లే, దండగవలేదు" అని రంపం అందుకున్నాడు.

ఇక్కడ మా పనివాళ్ళ ఆనవాయితీ ఒకటి చెప్పాలి. అమావాస్య నాడు మేము పనిముట్టు ముట్టం. ఉలి, బాడిస, రంపం అన్నీ తుడిచి పసుపు బొట్లు పెట్టి పక్కన ఉంచుతాం. పనిముట్లకు సెలవు గాని మనుషులకు కాదని మా మేస్త్రి సిద్ధాంతం. అందుకని ఆ రోజు చెక్క తిరగేసేవాళ్ళం. సామిల్లు నుంచి వచ్చిన పచ్చి చెక్కలను షెడ్డు వెనక రేకుల నీడలో, గాలి ఆడటానికి మధ్యమధ్య కర్రముక్కలు పెట్టి, దొంతరగా పేరుస్తాం. ప్రతి అమావాస్యకూ పైవి కిందికీ, కిందివి పైకీ మార్చి, ప్రతి చెక్క కొసనా మేస్త్రి సుద్దతో ఒక గీత గీసేవాడు. ఏడు గీతలు పడితే చెక్క ఎండినట్టు. ఏడు పడనిదే దాన్ని షెడ్డు లోపలికి రానిచ్చేవాడు కాదు. బతిమాలినా, పార్టీ వచ్చి గొడవ పెట్టినా, తొందరగా కావాలంటే ఇనప బెంచీ కొనుక్కోమనేవాడు. దీనికి రిజిస్టరు లేదు, సంతకాలు లేవు. గీతే సాక్ష్యం.

బ్యాంకు మేనేజరు గారు ఆర్నెల్లకోసారి స్టాకు చూడటానికి వచ్చేవారు. ఇస్త్రీ చొక్కా మీద రంపపు పొట్టు పడకుండా షెడ్డంతా తిరగగలిగిన మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. ఒకసారి వెనక రెండు దొంతరలను చూసి ఆగారు. రెండూ మద్ది చెక్కే. ఒకదాని మీద ఆరు గీతలు, ఇంకోదాని మీద రెండు.

"ఇది పోయినసారి కూడా ఇక్కడే ఉంది కదా?" అన్నారు, ఆరు గీతలదాన్ని చూపించి.

"ఉంది సార్."

"ఏం చేస్తోంది?"

"ఎండుతోంది సార్."

"అది ఎండుతుంటే మీరు వడ్డీ కడుతున్నారు."

"కడుతున్నాం సార్."

"అంటే మీ డబ్బు నిద్రపోతోంది. మీరు పక్కన కూర్చుని విసనకర్ర విసురుతున్నారు."

ఆయన టీ తాగి వెళ్ళిపోయారు. మాట మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. పదిహేనేళ్ళు చెక్కగా కనిపించింది ఆ రోజు నుంచి నాకు నిద్రపోతున్న డబ్బుగా కనిపించడం మొదలైంది. పక్క నుంచి వెళ్ళినప్పుడల్లా తట్టి లేపాలనిపించేది.

ఆ రోజుల్లోనే పాలిష్ బావ పెద్ద ఆర్డరు తెచ్చాడు. వాళ్ళ పల్లెలో కొత్త చర్చి కడుతున్నారు. అప్పటిదాకా చాపల మీద కూర్చునేవాళ్ళు. ఇప్పుడు బెంచీలు చేయించాలని సంఘమంతా కలిసి తీర్మానించారు. నలభై బెంచీలు. క్రిస్మస్ లోపు కావాలి. చందాలు ఇచ్చినవాళ్ళలో చెరకు కొట్టుడు కూలీలు ఉన్నారు, వితంతు పింఛనులోంచి ఇచ్చినవాళ్ళు ఉన్నారు.

"మావా, మా ఊళ్ళో నా పరువు నీ సేతిలో ఎడతన్నాను" అన్నాడు బావ.

"నా సేతిలో ఎడితే పరవాలేదు. ఈడి సేతిలో ఎట్టకు" అని మేస్త్రి నన్ను చూపించాడు. అందరం నవ్వాం. నేను కాస్త ఎక్కువ నవ్వాను.

ఆ నెలలోనే మేస్త్రికి కంటి ఆపరేషన్ అయింది. శుక్లం. దుమ్ము తగలకూడదనీ, బరువులెత్తకూడదనీ డాక్టరు చెబితే, రోలుగుంటలో కూతురింటికి వెళ్ళాడు. మూడు వారాలు. వెళ్ళే ముందు ఏడో గీత గీసి మరీ వెళ్ళాడు. రెండో దొంతరకు అప్పటికి మూడు పడ్డాయి.

ఆయన వెళ్ళిన నాలుగో రోజున విశాఖపట్నం నుంచి ఒక కలప వ్యాపారి వచ్చాడు. ఏదో హోటలు పనికి బాగా ఎండిన మద్ది అర్జంటుగా కావాలిట. ఏడు గీతల దొంతరను చూసి, తట్టి, వాసన చూసి, ఒక రేటు చెప్పాడు. ఆ రేటు విని నాకు ఆరు రోజుల శిక్షణంతా ఒక్కసారి గుర్తుకొచ్చింది. ఎండినది ఎక్కువ ధరకు అమ్మేసి, బ్యాంకు బాకీ కొంత తీర్చి, చర్చి పనికి రెండో దొంతర వాడితే సరిపోతుంది. చెక్క చెక్కే కదా. మూడు గీతలకూ ఏడు గీతలకూ తేడా నాలుగు గీతలు. నా దగ్గర సుద్ద ఉంది.

ఆదివారం పొద్దున్న వ్యాపారి లారీ ఎండిన దొంతరను ఎత్తుకెళ్ళాక, మధ్యాహ్నం షెడ్డులో ఎవరూ లేనప్పుడు కూర్చుని గీశాను. రెండు వందల పైచిలుకు చెక్కలు, ఒక్కోదానికి నాలుగు గీతలు. మేస్త్రి గీత కొంచెం ఎడమకు ఒరుగుతుంది, చివర్న సుద్ద నొక్కి వదులుతాడు. నేనూ ఒరిగించాను, నొక్కి వదిలాను. పాత గీతల్లా మాసినట్టు ఉండాలని నావాటిలో మొదటి రెండింటిని అరచేత్తో కాస్త చెరిపాను కూడా. నా ఉద్యోగ జీవితం మొత్తంలో అంత శ్రద్ధగా చేసిన చేతిపని ఇంకొకటి లేదు. ఒట్టేసి చెబుతున్నాను, అది అబద్ధమని ఆ రోజు నాకు తోచలేదు. సర్దుబాటు పద్దు అనుకున్నాను.

ఇంటికి వెళితే మా ఆవిడ చొక్కా నిండా సుద్ద చూసింది. "మళ్ళీ బళ్ళో ఏసేరేటి?" అంది.

మేస్త్రి నల్ల కళ్ళద్దాలతో తిరిగొచ్చాడు. రాగానే వెనక్కి వెళ్ళి, ఉన్న ఒక్క దొంతర ముందు నిలబడ్డాడు.

"రెండోదేదిరా?"

"పచ్చిది అమ్మీసేను మావా. పార్టీ మంచి రేటిచ్చేడు. ఎండింది మనకుంచేను."

ఆయన ఒక చెక్క కొస పట్టి కొంచెం ఎత్తి చూశాడు. వేలి కణుపుతో తట్టాడు. ఇంకోసారి తట్టాడు.

"ఏటిరా ఇది, బరువుగా ఉందేటి?"

"వానగాలి మావా. తేవ పట్టింది."

ఆయన కళ్ళద్దాలు తీసి గీతలు లెక్కపెట్టాడు. వేలితో ఒక్కొక్కటే తాకుతూ ఏడూ లెక్కపెట్టాడు. "నీరసం వల్ల నాకే బరువనిపిత్తన్నట్టుంది" అన్నాడు. నలభై ఏళ్ళుగా చెక్కను తట్టి చెప్పిన చేతిని కాదని, నా గీతను నమ్మాడు. నేను టీ తెప్పించాను.

మామూలుగా అయితే చిత్రిక పట్టేటప్పుడే దొరికిపోయేవాణ్ణి. పచ్చి చెక్కకూ ఎండు చెక్కకూ పొట్టు వేరుగా లేస్తుంది. కాలి కింద నలిగిన చప్పుడుకే ఆయన చెప్పగలడు. కాని వంగి చిత్రిక పట్టొద్దని డాక్టరు చెప్పాడు. ఆ పని అప్పు మీద కొన్న మిషను చేసింది. మిషను ఎవరికీ ఏమీ చెప్పదు. మేస్త్రి గుర్తులు పెట్టడం, జాయింట్లు తొలచడం, బిగించడం మాత్రమే చేశాడు. నలభై బెంచీలకూ ఒక్క మేకు లేకుండా బిగించాడు. బావ మూడు పూతల పాలిష్ వేశాడు. చర్చి ప్రతిష్ఠ రోజున బెంచీల వరసలు చూసి పాస్టరు గారి కళ్ళు చెమర్చాయి. మేస్త్రికి శాలువా కప్పారు. నాకు కేకు ముక్క ఇచ్చారు. ఆ ఏడాది మా లాభం చూసి బ్యాంకు మేనేజరు గారు నాతో కరచాలనం చేశారు.

తర్వాత ఎండాకాలం వచ్చింది.

చెక్కకు ఒక చెడ్డ గుణం ఉంది. షెడ్డులో మనం ఎండనివ్వకపోతే పార్టీ ఇంట్లో ఎండుతుంది. మా బెంచీకి కూర్చునే చోట రెండు పలకలు పక్కపక్కన ఉంటాయి. ఏప్రిల్ నాటికి అవి ముడుచుకుని మధ్యలో వేలెడు సందు తెరుచుకుంది. మనిషి కూర్చుంటే బరువుకు పలకలు కదిలి సందు మూసుకుంటుంది. మధ్యలో ఏం ఉంటే అది చిక్కుకుంటుంది. మొదటి ఆదివారం ముందు వరసలో కూర్చునే మామ్మ ప్రసంగం మధ్యలో ఉన్నట్టుండి "స్తోత్రం!" అని అరిచింది. తర్వాత వెనక వరసలోంచి ఒకరు, మగవాళ్ళ వైపు నుంచి ఇద్దరు. తన ప్రసంగానికి ఇంత స్పందన ఎప్పుడూ రాలేదని పాస్టరు గారు చాలా సంతోషించారు. కారణం తెలిశాక ఆ సంతోషం తగ్గింది.

నాలుగో ఆదివారం ప్రార్థనకు లేచి మళ్ళీ కూర్చునేసరికి, ఒక బెంచీ జాయింట్లు ఊడి నెమ్మదిగా ఒక పక్కకు ఒరిగి పడుకుంది. దానితోపాటు ఐదుగురు. దెబ్బలు తగల్లేదు గాని, మర్నాడు సంఘపెద్దలు ఇద్దరు షెడ్డుకు వచ్చారు. కేకలు వేయలేదు. అది ఇంకా ఇబ్బంది. "ఒకసారి వచ్చి చూస్తారా?" అని మర్యాదగా అడిగారు.

మేస్త్రితోపాటు నేనూ బావా వెళ్ళాం. ఆయన నలభై బెంచీల దగ్గరికీ వెళ్ళాడు. ప్రతి జాయింటులోనూ గోరు పెట్టి చూశాడు. జాయింటులో గోరు కూడా పట్టకూడదనేది ఆయన పాత మాట. ఇప్పుడు వేలు పడుతోంది. ఒక మూల కూర్చుని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకోలేదు.

"కన్ను కోయించుకున్నాక సేసిన పని ఇది" అన్నాడు. "కొలత తప్పింది. నాకే తెలీలేదు. సెయ్యి పోయిందిరా."

"నీ సెయ్యికేటయింది మావా" అన్నాడు బావ. వాళ్ళ ఊరివాళ్ళు చుట్టూ నిలబడి వాణ్ణే చూస్తున్నారు.

నేను కూడా ఏదో అన్నాను. వాతావరణం గురించి.

తిరిగి షెడ్డుకు వచ్చాక, ఆ బెంచీలకు తీసుకున్న కూలంతా లుంగీ మడతలోంచి తీసి నా చేతిలో పెట్టాడు, చర్చివాళ్ళకు ఇచ్చెయ్యమని. దాన్ని ఏ పద్దు కింద రాయాలో తెలియక సొరుగులో పెట్టాను. మూడు రోజుల తర్వాత తెలిసింది, బైపాసు రోడ్డులో ఒక కళ్యాణ మండపంలో ఆయన పనికి కుదిరాడట. పెళ్ళి అయ్యాక ప్లాస్టిక్ కుర్చీలు లెక్కపెట్టి పేర్చే పని. వచ్చే అమావాస్యకు పనిముట్లు పంచిపెట్టి వెళ్ళిపోతానని చెప్పాడు. ఊళ్ళో సగం ఇళ్ళ ద్వారబంధాలు చేసిన మనిషి, చేతులు పోయాయనుకుని ప్లాస్టిక్ కుర్చీల దగ్గరికి వెళుతున్నాడు. చేతులకు ఏమీ కాలేదని తెలిసినవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే.

అమావాస్యకు పదకొండు రోజులు ఉంది. పదకొండు రోజులూ నేను శిక్షణలో నేర్పినట్టే చేశాను. ఒక కాగితానికి మధ్యలో గీత కొట్టి, ఎడమవైపు చెబితే వచ్చే నష్టాలు, కుడివైపు చెప్పకపోతే వచ్చే నష్టాలు రాశాను. ఎడమవైపు: బావతో స్నేహం, వాటా, పరువు, నలభై బెంచీల కలప, బహుశా రెండు పళ్ళు. కుడివైపు: మేస్త్రి. ఒకటే పేరు. లెక్క ప్రకారం నోరు మూసుకోవడమే లాభం. రెండుసార్లు కూడాను, రెండుసార్లూ అదే వచ్చింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటే అన్నం సయించేది కాదు. తీసి సొరుగులో పెట్టినా సయించలేదు.

ఎవరో ఒకరు కనిపెడతారేమోనని కూడా చూశాను. ఎవరూ కనిపెట్టలేదు. నా పనితనం అంత బాగా కుదిరింది.

అమావాస్య వచ్చింది. పొద్దున్నే స్నానం చేసి వచ్చి, మేస్త్రి నేల మీద తెల్ల పంచె పరిచాడు. పనిముట్లన్నీ దాని మీద వరసగా పేర్చి బొట్లు పెట్టాడు. అన్నీ పిడి దగ్గర ఆయన వేళ్ళ మేర అరిగి ఉన్నాయి. రంపాలు పనివాళ్ళకు ఇచ్చాడు. మూలమట్టం బావకు ఇచ్చాడు. పాలిష్ పనివాడికి మూలమట్టంతో పని లేదు. బావ దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఉలులు ఏడు ఉన్నాయి. వాటిని గుడ్డలో చుట్టి నా వైపు చాచాడు.

"ఇయ్యి నువ్వుంచు. లెక్కల్లో పడి మర్సిపోయేవు గాని, నీకు పనొచ్చురా. నానే నేర్పేను గదా. నువ్వు సేత్తే నాను సేసినట్టే."

నేను చెయ్యి చాచలేదు. చాచి ఉంటే ఈ పాటికి ఆ ఉలులు మా ఇంట్లో ఉండేవి, నేను మీతో వేరే కబుర్లేవో చెబుతూ ఉండేవాణ్ణి.

"మావా, నీ సెయ్యి పోలేదు" అన్నాను.

"ఊరడించకురా."

"ఊరడింపు కాదు. చెక్క పచ్చిది."

"ఏడు గీతలున్నాయి. నాను లెక్కెట్టేను."

"మూడే నీయి. నాలుగు నాను గీసేను."

 బయట రోడ్డు మీద ఒక బెల్లం లారీ వెనక్కి వస్తూ బీప్ బీప్ మంటోంది. అది ఆగేదాకా ఆగి ఆయన అడిగాడు.

"ఎండిందేటి సేసేవు?"

"అమ్మీసేను. రేటొచ్చింది."

"అన్ని చెక్కలకీ గీసేవా?"

"అన్నిటికీ."

"నా గీత ఎడంపక్కకి ఒరుగుతాది."

"ఒరిగించేను మావా."

ఆయన తల ఊపాడు. అంగీకారంగా కాదు, సరుకు ముట్టినట్టు ఊపాడు. తర్వాత చేసిన పనికి షెడ్డులో ఉన్నవాళ్ళందరం ఒక అడుగు వెనక్కి వేశాం. అమావాస్య నాడు, బొట్లు పెట్టిన పనిముట్ల ముందు కూర్చుని, గుడ్డలోంచి ఉలి ఒకటి తీశాడు. ఆయన వయసంతటిలో ఎవరూ చూడని పని అది. మూలన పడి ఉన్న పాత మద్ది ముక్కలు రెండు తెమ్మన్నాడు. అవి ఏనాటివో, ఎముకల్లా ఎండి ఉన్నాయి. కళ్ళద్దాలు లేకుండానే గుర్తు పెట్టుకున్నాడు. ఒక ముక్కకు నాలుకలా కొస తీశాడు, రెండో ముక్కలో దానికి సరిపడా గాడి తొలిచాడు. ఉలి మీద సుత్తి చప్పుడు తప్ప ఏమీ లేదు. రెండు ముక్కలూ కలిపి అరచేత్తో ఒక్క దెబ్బ వేశాడు. కూర్చుంది.

"నీళ్ళు పొయ్యి" అన్నాడు బావతో.

బావ మూలమట్టం చంకలో పెట్టుకుని, చెంబుతో ఆ జాయింటు మీద నీళ్ళు పోశాడు. మేస్త్రి దాన్ని ఎత్తి కింద నుంచి చూశాడు. చుక్క కారలేదు. గోరు పెట్టి చూశాడు. పట్టలేదు. చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. ఆయన మొహంలో పదేళ్ళ వయసు తగ్గడం నేను కళ్ళారా చూశాను.

ఆ తర్వాత దాన్ని జాగ్రత్తగా పంచె మీద పెట్టి, లేచి వచ్చి, నా చెంప మీద ఒకటి ఇచ్చాడు. కుడిచెయ్యి. కొలత తప్పలేదు. ఆ చేతికి ఏ లోపమూ లేదని ఆ షెడ్డులో నాకు తెలిసినంత గట్టిగా ఇంకెవరికీ తెలియదు.

"అల్లుడు గారూ" అన్నాడు, "పదేను రోజులు అద్దంలో కన్ను సూసుకుంటూ కూకున్నాను."

నేను చెంప రుద్దుకున్నాను. మాటకారినని నన్ను లెక్కల్లో పెట్టిన ఇద్దరూ అక్కడే ఉన్నారు.

బావ దగ్గరికి వచ్చాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మా ఊళ్ళో నాను తలెత్తి నడిసి ఎన్నాళ్ళయిందో తెలుసా బావా? రెండో సెంప కూడా ఇచ్చీ. మా కాడ పద్ధతి అదే."

నేను రెండో చెంప తిప్పాను. మేస్త్రి చూసి, "అది సర్చివోళ్ళకుంచు" అన్నాడు.

ఆ ఆదివారం చర్చిలో అందరి ముందూ నిలబడి జరిగింది చెప్పాను. బ్యాంకులో లోను అడిగినప్పుడు కూడా అంత చెమట పట్టలేదు. పాస్టరు గారు కళ్ళు మూసుకుని విని, క్షమించడం మంచిదని ఏదో మొదలుపెట్టబోయారు. ముందు వరస మామ్మ చెయ్యెత్తింది.

"అదంతా తరవాత సూద్దారి అయ్యగారూ. బాబూ, నువ్విలాగొచ్చి నా సోటులో కూకో."

కూర్చున్నాను. ప్రసంగం గంటన్నర. నేను శ్రద్ధగా, కదలకుండా విన్నాను. కదిలితే ఏమవుతుందో మొదటి ఐదు నిమిషాల్లోనే తెలిసింది.

నలభై బెంచీలూ కొత్తగా చేసివ్వాలి, అంత ఎండిన మద్ది మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది? విశాఖపట్నం వ్యాపారి దగ్గరే దొరికింది. హోటలు పని సగంలో ఆగిపోయి, సరుకు చాలావరకు గోడౌనులోనే ఉంది. కొసల మీద మేస్త్రి గీతలు అలాగే ఉన్నాయి. నేను అమ్మిన ధరకు ఒకటిన్నర రెట్లు చెప్పాడు.

"ఇది నేనే అమ్మిన చెక్కండి" అన్నాను.

"అందుకే నమ్మకంగా చెబుతున్నానండి. బాగా ఎండిన సరుకు. ఎండడానికి టైం పడుతుంది కదండీ. ఆ టైముకి వడ్డీ ఎవరిస్తారు?" అన్నాడు.

ఈ వాక్యం నాకు ఆరు రోజుల శిక్షణలో ఎవరూ చెప్పలేదు. తక్కువపడిన కలప వేరే చోట కొన్నాం. మొత్తం ఖర్చు నా వాటాలోంచి పోయింది. ఎంతో నాకు పైసాతో సహా గుర్తుంది. ఇక్కడ చెప్పను, లోపల మా ఆవిడ కూడా వింటోంది. లెక్కలు నా దగ్గర నుంచి తీసేస్తారనుకున్నాను. తీయలేదు. ఆ పని చేయడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు. మేస్త్రి మాత్రం సుద్దను తన బొడ్డులో దోపుకోవడం మొదలుపెట్టాడు.

కళ్యాణ మండపం వాళ్ళు రెండుసార్లు మనిషిని పంపారు. మేస్త్రి చిత్రిక ఆపకుండానే, తనకు తీరిక లేదని చెప్పి పంపేశాడు. మిషను మీద ఒక గోనెపట్టా కప్పించి, ఈసారి చెక్కంతా చేత్తోనే పట్టాడు. నేను కూడా ఎదురుగా కూర్చుని పట్టాను, జీతం లేకుండా. నాకు పని వచ్చని ఆయన అన్నది నిజమేనని తేలింది. నా నడుముకు మాత్రం అది కొత్త సమాచారం.

వానలు పడటానికి ముందే కొత్త బెంచీలు చర్చికి చేరాయి. బావ ఒక్కొక్కదాని మీద చెయ్యి రాస్తూ వరసలు సర్దాడు. మామ్మ తన చోటు దగ్గరికి వచ్చి, ముందు చేత్తో తడిమి, తర్వాత కూర్చుని, ఏమీ అనలేదు. అంతకు మించిన మెప్పు నేనెప్పుడూ వినలేదు. మేస్త్రి ఆవరణలో కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని నా దగ్గరికి వచ్చాడు.

"కూలి తే."

కొత్త పని కూలి లెక్కపెట్టి ఇచ్చాను.

"ఆనాడు నీకిచ్చిందీ తే."

అది అన్నాళ్ళూ సొరుగులోనే ఉంది. ఆ పొద్దున్న తెచ్చి ఇవ్వబోతే చర్చివాళ్ళు తీసుకోలేదు. జేబులోనే ఉంది కాబట్టి అదీ ఇచ్చాను. రెండూ కలిపి లెక్కపెట్టుకుని మళ్ళీ చెయ్యి చాచాడు.

"ఇంకేటి మావా? నలభై బెంచీలకి మన రేటు ఇదే గదా."

"అది గుడ్డోడి రేటు. నన్ను గుడ్డోణ్ణి సేసేవు గదా, అప్పటి రేటది. ఇయ్యి కళ్ళున్నోడు సేసిన బెంచీలు."

జేబులో ఉన్నదంతా తీసి ఆయన చేతిలో పెట్టాను. రసీదు అడగలేదు.